రాయగడ మేస్త్రీకి పంపిన కోడి

రాసుకో అమ్మీ. మోటారు మెకానిక్కు చదువులో చేరబోతున్నావు కాబట్టి, ఇరవై ఏళ్ళు నేను చేసిన పని ఎలాంటిదో నీకు ముందే చెప్పి పెడతాను. నా మాటల్ని పుస్తకం తెలుగులోకి దిద్దుకుంటానన్నావు. సరే, దిద్దుకో. మా అత్త మాటలు మాత్రం ముట్టుకోకు. బతికుండగా ఆవిణ్ణి ఎవరూ దిద్దలేకపోయారు. ఇప్పుడు నువ్వు మొదలుపెడితే కలలోకి వచ్చి తిడుతుంది.

నేను మెకానిక్కునంటే మీ నాన్న కూడా సగమే నమ్ముతాడు. ఒరిస్సా కొండల్లో, బిస్సమ్ కటక్‌లో మా పెరట్లో, పనసచెట్టు కింద, ఒకే ఒక్క ముసలి కారుని అన్నేళ్ళు బతికించాను. ప్రమోషన్ల సంగతి అడగకు. మొదట్లో గోనెపట్టా మీద పడుకుని బండి కిందికి దూరేదాన్ని. కొన్నాళ్ళకి తాటాకు చాప వచ్చింది. ఉద్యోగంలో నా ఎదుగుదల అంతే.

ముగ్గురం, ఒక బండి

యుద్ధంలో మిలిటరీ లారీలు తోలి తోలి మీ తాతకి రెండు చెవులూ మొద్దుబారిపోయాయి. యుద్ధం అయ్యాక గుణుపురం దగ్గర అన్నగారి పొలంలో పనికి కుదురుకున్నాడు. నేను కాపరానికి వెళ్ళింది ఆ ఇంటికే. గదులు చాలక మాకు పశువులపాకలో ఒక మూల తడిక కట్టి ఇచ్చారు. తడికకి అవతల ఒక గేదె. అది తీరిగ్గా నెమరు వేసుకుంటూ నా మెడ మీద ఊపిరి వదిలేది. నేను రొట్టెలు కాల్చినా, జడ వేసుకున్నా, మీ తాతతో పోట్లాడినా మెడ మీద ఆ వెచ్చటి ఊపిరే.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, ఊరు విడిచిపోతున్న ఒక దొర దగ్గర మీ తాత ఈ కారు కొన్నాడు. తన వాటాకి వచ్చిన ఎడ్ల జత అందుకోసం అమ్మేశాడు. కారు అప్పటికే ముసలిది. బావగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైరుని కాలితో తన్ని, నవ్వాడు.

"ఎడ్లనమ్మి డొక్కు తెచ్చేవు. ఎల్లండి, ఎల్లి సూసుకోండి. పాకలో మీ మూల అలగే ఉంచుతాను. ఎలాగా తిరిగొచ్చెస్తారు గదా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మీ తాతకి వినపడలేదు.

అప్పటినుంచి బండి ఎక్కడ ఆగినా నాకు మెడ మీద గేదె ఊపిరి తగిలేది. చాలామంది గురువు దగ్గర పని నేర్చుకుంటారు. నేను ఆ గేదెకి భయపడి నేర్చుకున్నాను.

బండితో బిస్సమ్ కటక్ చేరాం. మా అత్త పైడమ్మ పెద్దకోడలితో పడక మాతోనే వచ్చేసింది. నాకంటే జానెడు పొడుగు. ఆవిడ రోకలి పోటు వేస్తే పక్కింటి గోడ మీది బల్లులు కింద పడేవి. బండి ముందు ఇనప హ్యాండిల్ దూర్చి తిప్పి ఇంజన్ లేపే పని ఆవిడ తనంతట తానే తీసుకుంది. మునిగుడ స్టేషన్‌లో రైలు దిగినవాళ్ళని బిస్సమ్ కటక్ ఆసుపత్రికో, సంతకో, కచేరీకో చేర్చడం మా వ్యాపారం. వినపడని డ్రైవరు, తోలడం రాని మెకానిక్కు, ఈ రెండు విద్యలూ తెలియకుండా హ్యాండిల్ తిప్పే అత్త. మా కంపెనీ అదీ.

నాకు ఈ పని ఎలా వచ్చిందంటావా? మా నాన్న గుణుపురం రైసుమిల్లులో ఆయిలింజన్ చూసేవాడు. చిన్నప్పుడు ఆయనకి అన్నం పట్టుకెళ్ళి, తినేదాకా ఇంజన్ పక్కన కూర్చునేదాన్ని. అది "టుక్కు టుక్కు టుక్కు" అంటూ ఉండేది. ఎప్పుడైనా "టుక్కు... టు... టుక్కు" అందా, నాన్న చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని లేచేవాడు. ఏ చప్పుడుకి ఆయన చెయ్యి ఎక్కడికి పోతోందో చూసీ చూసీ నాకు చెవి కుదిరింది. మిల్లు ఇంజన్‌ది ఒకే సిలిండరు, ఒక గొంతు. కారుకి నాలుగు గొంతులు. తేడా అంతే.

ఒక వేసవిలో పనసకాయ పండి బండి ముందు రేకు మీద పడింది. రేకు మడతబందు వంగింది. ఎంత బిగించినా గుంత వచ్చినప్పుడల్లా ఆ రేకు పైకీ కిందికీ ఊగేది. అడిగినదానికల్లా తల ఊపుతోందని ఊరివాళ్ళు బండికి గంగిరెద్దు అని పేరు పెట్టారు.

మేస్త్రీ పుట్టుక

వ్యాపారం పెట్టిన మొదటి నెలలో ఒక కచేరీ గుమాస్తా మా ఇంటి దగ్గరే బండెక్కాడు. గొడుగు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడు నేను బండి కిందినుంచి పాక్కుంటూ బయటికి వచ్చాను, మొహం నిండా నల్లటి గ్రీజు.

"ఇదెవులయ్యా?" అని మీ తాత చెవి దగ్గర అరిచాడు గుమాస్తా.

"మా ఇంటిది బాబూ."

"బండి కింద ఏటి సేస్తంది?"

"రిపేరు బాబూ."

గుమాస్తా గొడుగుతో సహా దిగిపోయాడు. "ఆడమనిషి మరలు బిగించిన బండా! నాకు పిల్లలున్నారయ్యా."

మీ తాతకి అబద్ధాలు రావు. ఆ రోజు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒకటి వచ్చింది. "రిపేరు సేసింది రాయగడ మేస్త్రీ బాబూ. ఆదోరం ఆదోరం వస్తాడు. ఇది ఉత్తినే గుడ్డెట్టి తుడుస్తంది."

గుమాస్తా మళ్ళీ ఎక్కాడు.

అలా పుట్టాడు రాయగడ మేస్త్రీ. కనడానికి నొప్పులు పడలేదు గానీ పెంచడానికి చాలా కష్టపడ్డాం. వారం తిరక్కుండా ఊళ్ళో ఆయన్ని చూసినవాళ్ళు తయారయ్యారు. పోస్టుమ్యాన్ అయితే మాట్లాడానన్నాడు కూడా. పొడుగు మనిషట, తెల్ల మీసమట, ఎడమకాలు కొంచెం కుంటట. కుంటు ఎందుకొచ్చిందని నేనే అడిగాను. "జాకీ జారి కాలి మీద పడింది గదమ్మా, మీకు తెలీదేటి?" అని నన్నే ఎదురడిగాడు.

బండి బాగా నడుస్తోందని మేస్త్రీకి ఇమ్మంటూ జనం పసుపుకొమ్ములు, అనాసపళ్ళు, తేనె తెచ్చేవారు. మా అత్త అరుగు మీద కూర్చుని అన్నీ అందుకునేది. "ఇస్తాను బాబూ. ఆదోరం వస్తాడు గదా." ఆదివారం వచ్చేది, మేం తినేవాళ్ళం.

ఒకసారి కొండ మీది ఊరి నుంచి మాఝి అనే పెద్దమనిషి ఒక పుంజుని చంకన పెట్టుకుని వచ్చాడు. ఆయన కోడలికి పురిటినొప్పులు వస్తే మా బండి ఎక్కడా ఆగకుండా ఆసుపత్రికి చేర్చింది. మనవడు పుట్టాడు. "ఇది మీకు కాదు, మేస్త్రీకి," అని తన దేశియా భాషలో, అంటే కొండల ఒరియాలో, రెండుసార్లు చెప్పి, మా అత్త తలూపిందాకా పుంజుని వదల్లేదు. ఎర్రటి పుంజు, మెడ మీద బంగారం రంగు ఈకలు. అందంగా ఉంది, ఉంచుకుందామన్నాను. మా అత్త ఆదివారం దాకా కూడా ఉంచలేదు.

నాకు కోపం రాలేదా అంటే, వచ్చింది. పని నాది, పేరు ఆయనది. పోనీ నిలదీద్దామంటే ఆయన లేడు. లేని మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో నీకు తెలియకుండా ఉండాలని కోరుకుంటాను.

తెరిచే ముందు విను

ఇక పని మాటలు. ఇవి జాగ్రత్తగా రాసుకో.

ఒక వానాకాలం బండికి కొత్త రోగం పట్టింది. స్టేషన్ నుంచి బయలుదేరి, దారిలో ఒక కల్వర్టు దాకా చక్కగా వచ్చి ఆగిపోయేది. రోజూ అదే చోటు. కల్వర్టు పక్కన రాయికి పసుపు పూసి ఎవరో అమ్మవారిని నిలిపారు. ప్రయాణికులు దిగి కొబ్బరికాయ కొట్టేవారు. ఈలోగా మీ తాత ట్యాంకు మూత తీసి, పుల్ల ముంచి పెట్రోలు చూసుకుని మూత పెట్టేవాడు. హ్యాండిల్ తిప్పగానే బండి లేచేది. అందరూ అమ్మవారికి దండం పెట్టి ఎక్కేవారు. వారం తిరిగేసరికి ఒక ముసలాయన అక్కడ కొబ్బరికాయల గంప పెట్టుకుని కూర్చున్నాడు.

నేనేం చేశానో తెలుసా? కార్బురేటర్ విప్పాను. ఏమీ దొరక్క మళ్ళీ విప్పాను. పెట్రోలు గొట్టానికి నోరు పెట్టి ఊదాను. మూడు రోజులు చారు తాగినా పెట్రోలు వాసనే. బాగున్న వస్తువుని విప్పి విప్పి దాని మరలు అరగదీశాను. నా ఉద్యోగంలో సిగ్గుపడే పని ఏదని అడిగితే ముందు అదే చెప్తాను. భయపడినవాళ్ళు చెవిని వదిలేసి చేతిని నమ్ముకుంటారు.

నాలుగో రోజు మా నాన్న గుర్తొచ్చాడు. ముద్ద పట్టుకుని లేచేముందు ఆయన ఒక్క క్షణం నమలడం ఆపేవాడు, వినడానికి. నేను వెనక సీట్లో కూర్చుని బండితో పాటు వెళ్ళాను. ఆగే ముందు ఇంజన్ దగ్గలేదు, తుమ్మలేదు. ఆకలితో ఉన్నవాళ్ళలాగా మెల్లమెల్లగా నీరసపడి ఆగింది. కల్వర్టు దగ్గర మీ తాత మూత తీశాడు. ట్యాంకు "హుఫ్" మని గాలి పీల్చుకుంది. ఆ చప్పుడు మీ తాతకి వినపడదు. కొబ్బరికాయ కొట్టేవాళ్ళకి పట్టదు. నేను విన్నాను.

ట్యాంకు మూతలో సూది మొనంత కన్నం ఉంటుంది. పెట్రోలు దిగుతున్న కొద్దీ దానిలోంచి గాలి లోపలికి పోవాలి, లేకపోతే పెట్రోలు దిగదు. ఆ కన్నాన్ని ఎవరో లక్కతో నున్నగా పూడ్చేశారు.

"అత్తా, ఈ కన్నం మూసింది ఎవులు?"

"నానే. వానసుక్క పడతాదని మూసేను. మూతకి కన్నం ఎట్టినోడెవడో పనికిమాలినోడు."

"అది లేకపోతే బండికి ఊపిరాడదత్తా."

"అలగైతే ముందు సెప్పాల గదేటే. నానేటి రాయగడ మేస్త్రీనా?"

సూదితో కన్నం తెరిచాను. మర్నాడు బండి కల్వర్టు దాటి పోయింది. కొబ్బరికాయల ముసలాయన నెల రోజులు మాతో మాట్లాడలేదు. మా అత్త మాత్రం ఆ చోటు వచ్చినప్పుడల్లా, అమ్మవారు నొచ్చుకోకుండా, పోతున్న బండిలోంచే దండం పెట్టేది.

కాబట్టి అమ్మీ, బండి నీ దగ్గరికి రాగానే పానా తీయకు. ముందు విను. తర్వాత అడుగు: దీని మీద ఆఖరున ఎవరి చెయ్యి పడింది? ఏం చేశారు? రోగం చాలాసార్లు అక్కడే కూర్చుని ఉంటుంది.

మూకుడు, చాట, హ్యాండిల్

కొండల్లో ముసురు పట్టిందంటే, ఒక్కో గొంతుకి నిప్పురవ్వ అందించే ప్లగ్గులకి తేమ పట్టి బండి లేవదు. నాలుగూ విప్పి, బూడిదా కొబ్బరిపీచూ పెట్టి ఇత్తడి గిన్నెల్లాగా తోమి, మూకుడులో వేసి వేడెక్కేదాకా వేయించేదాన్ని. వేడి వేడిగా బిగిస్తే ఒక్క తిప్పుకి లేచేది. ఆ మూకుడులోనే మళ్ళీ వంకాయలు వేయించానని మీ తాత చాలా ఏళ్ళు అనుమానపడ్డాడు. వేయించలేదు. ఒక్కసారి వేయించాను.

నాలుగు గొంతుల్లో ఏది పాడటం లేదో తెలియాలంటే, చెక్కపిడి ఉన్న స్క్రూడ్రైవరు ప్లగ్గు తలకీ ఇంజన్‌కీ ఆనించి ఒక్కొక్కదాని నోరు నొక్కు. బాగున్నదాన్ని నొక్కితే ఇంజన్ విలవిల్లాడుతుంది. నొక్కినా చప్పుడు మారలేదంటే చచ్చింది అదే. చెక్కపిడి లేనిదానితో నొక్కితే కరెంటు కొట్టి విలవిల్లాడేది నువ్వు.

విప్పిన మరల్ని విప్పిన వరసలో చాటలో పెట్టుకో. పెట్టి, ఆ చాటని అత్తగార్లకి అందకుండా దాచుకో. మా అత్త ఒకసారి బియ్యం చాట అనుకుని దాన్ని పట్టి ఒక్క చెరుగు చెరిగింది. రెండు నట్లు ఇప్పటికీ ఆ పెరట్లోనే ఎక్కడో ఉన్నాయి.

హ్యాండిల్ విషయంలో తప్పు నాది. తిప్పే ముందు స్టీరింగ్ దగ్గర నిప్పురవ్వ కొంచెం ఆలస్యంగా పడేలా చేసే చిన్న మీట ఒకటి ఎత్తాలి. ఎత్తకపోతే హ్యాండిల్ ఎదురు తన్నుతుంది. ఒకరోజు మర్చిపోయాను. అది మా అత్తని లేవనెత్తి పేడకుప్పలో కూర్చోబెట్టింది. బొటనవేలు వేళ్ళతో కలిపి ఒకే వైపు పెట్టుకుని తిప్పమని అంతకుముందే చెప్పి ఉన్నాను కాబట్టి చెయ్యి దక్కింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజునుంచి తిప్పే ముందు వీధంతా వినపడేలా అరిచేది.

"ఎత్తేవేటే?"

"ఎత్తేనత్తా!"

"మీ నాన మీదొట్టా?"

"ఒట్టత్తా!"

అప్పుడు తిప్పేది. నవ్వకు. నువ్వు పనిచేసే చోట కూడా ఇలా అడిగి, జవాబు విన్నాకే చెయ్యి పెట్టే అలవాటు చేసుకో.

అంబలి

ఒక ఎండాకాలం దారి మధ్యలో రేడియేటర్ కారి నీళ్ళన్నీ పోయాయి. చుట్టుపక్కల చుక్క నీరు లేదు. మా అత్త దగ్గర సొరకాయ బుర్రలో మధ్యాహ్నానికి తెచ్చుకున్న చోడి అంబలి ఉంది. చోళ్ళంటే మీ పుస్తకాల్లో రాగులు. వేరే దారి లేక పల్చగా ఉన్న ఆ అంబలే పోశాం. నాలుగు మైళ్ళు నడిచేసరికి కారడం ఆగిపోయింది. వేడికి పిండి ఉబ్బి, చీలికలోకి పోయి గట్టిపడింది. అప్పటినుంచి ఎప్పుడు కారినా ఒక చెంచాడు చోడిపిండి నీళ్ళలో కలిపి పోసేదాన్ని.

ఇది చూసి గొప్ప వైద్యం అనుకోకు. ఇది కట్టు కట్టడం, అంతే. అసలు వైద్యం రేడియేటర్ విప్పి రాయగడ తీసుకెళ్ళి టంకం పెట్టించడం. ఇవాళ రేపు అంటూ రెండేళ్ళు గడిపాను. బండి నడుస్తోంది కదా అన్న బద్ధకం. ఆ బద్ధకమే మమ్మల్ని పశువులపాక గుమ్మం దాకా తీసుకెళ్ళింది.

బ్రేకు ఇన్‌స్పెక్టర్

పాత బండ్లని పరీక్ష చేయడానికి బ్రేకు ఇన్‌స్పెక్టర్ మునిగుడ వస్తున్నాడని కబురొచ్చింది. ఆయనకి నచ్చకపోతే పర్మిట్టు అక్కడికక్కడే రద్దు. పర్మిట్టు పోతే మాకు గుణుపురమే గతి. ఈ కబురు బావగారి దాకా ఎలా చేరిందో, ఆ వారమే కార్డు రాయించాడు: "మూల ఊడ్పించేను. గేదె ఈనింది. పాలకి లోటుండదు, రండి."

నాలుగు రోజులు బండి కిందే కాపరం చేశాను. బ్రేకు కడ్డీలు సరిచేశాను, దీపాలు తుడిచాను, హారన్ గొంతు సవరించాను. బయలుదేరే ముందు రేడియేటర్‌లో ఒక చెంచాడు చోడిపిండి వేశాను. ముగ్గురం ఎక్కాం.

సగం దారిలో కమ్మటి వాసన వచ్చింది. "ఎవులో అంబలి కాస్తన్నారు," అన్నాను. మా అత్త వైపు తిరిగాను. కొండల వైపు చూస్తోంది. ఆవిడ ఎప్పుడూ కొండల్ని చూడదు.

"అత్తా."

"ఏటి."

"రేడియేటర్‌లో ఏటేసేవు?"

"పిండి."

"నానేసేను గదా సెంచాడు!"

"నీ సెంచాడు సాల్దనిపించింది. సోలెడేసేను. ఈయాల మన పరువు గదేటే."

వెనక్కి తిరగడానికి టైము లేదు. స్టేషన్ ముందు మైదానంలో జనం చేరి ఉన్నారు. సంత రోజు కూడా. మా గుమాస్తా ఉన్నాడు, పోస్టుమ్యాన్ ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ జీపు టపాకాయలు పేలుతున్నట్టు "ఢాం ఢాం" మంటూ, కుంటుకుంటూ వచ్చి ఆగింది. తెల్ల ప్యాంటు వేసుకున్న ఒరియా పెద్దమనిషి దిగాడు. చాలాకాలం ఈ జిల్లాలో తిరిగినవాడు కాబట్టి తెలుగు బాగానే వచ్చు.

బ్రేకు చూశాడు, బాగుంది. దీపాలు చూశాడు, బాగున్నాయి. కాగితం మీద కలం పెట్టబోతూ రేకు సందులోంచి వస్తున్న ఆవిరి చూశాడు. జేబురుమాలు చుట్టి రేడియేటర్ మూత తిప్పాడు. వేడి మీద మూత తీయకూడదమ్మీ, ఎంత పెద్ద ఆఫీసరైనా. నీళ్ళయితే ఎగజిమ్మేవి. ఇది చిక్కటి అంబలి. పొయ్యి మీద కుండలాగా గుబగుబమంటూ తీరిగ్గా పైకొచ్చి, దీపం మీదుగా జారి, ఆయన బూట్ల మీద కూర్చుంది.

జనం మెడలు చాచి చూశారు. వెనకనుంచి ఎవరో అన్నారు, "ఉప్పేసేరో లేదో."

ఇన్‌స్పెక్టర్ బూటు మీదినుంచి వేలితో కొంచెం తీసి వాసన చూశాడు. "మాండియా!" అన్నాడు. ఒరియాలో చోళ్ళని అలాగే అంటారు. "రేడియేటర్‌లో వంట చేసిన మెకానిక్ ఎవరు?"

"రాయగడ మేస్త్రీ బాబూ," అన్నాడు మీ తాత, నేను ఆ ప్రశ్న చెవిలో అరిచాక.

"రాయగడ మేస్త్రీలందరూ నాకు తెలుసు. పేరు?"

అది కూడా చెవిలో అరిచాను. మీ తాత నోరు తెరిచాడు గానీ పేరు రాలేదు. ఇన్నేళ్ళలో మేం ఆయనకి పేరు పెట్టలేదు. సాయానికి పోస్టుమ్యాన్ ముందుకొచ్చాడు. "పొడుగ్గా ఉంటాడు బాబూ. తెల్ల మీసం. ఎడంకాలు కుంటు. ఆదోరం ఆదోరం వస్తాడు."

"అలాంటివాడు రాయగడలో లేడు. ఇప్పుడే నా ముందు నిలబెట్టండి. లేకపోతే పర్మిట్టు రద్దు."

ఆ మాట నేను అరవకుండానే మీ తాతకి కూడా వినపడింది. నా వైపు చూశాడు. నిజం చెప్తే మా బండి ఎవరూ ఎక్కరు. చెప్పకపోతే పర్మిట్టు ఉండదు. ఎటు తిరిగినా పాకలో మూలే. నా మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది. నిజంగానే తగిలింది. తిరిగి చూస్తే మా అత్త. నా రెండు భుజాలూ పట్టుకుని ఒక్క తోపు తోసింది.

"ఇదే బాబూ మేస్త్రీ. పొడుగూ లేదు, మీసమూ లేదు. కుంటు అసలే లేదు. సోలెడు పిండేసింది మాత్రం నాను. దీనిది సెంచాడే."

"తమాషా చేస్తున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. చేతుల దగ్గర ఆగాడు. గ్రీజు ఎంత తోమినా గోళ్ళ సందుల్లోంచి పోదు. "సరే. నా జీపుకి ఏమైందో చెప్పు. ముట్టుకోకుండా చెప్పాలి."

జీపు లేపమన్నాను. కళ్ళు మూసుకున్నాను. నాలుగు గొంతుల్లో రెండు వరసలో పాడుతున్నాయి. రెండు ఒకదాని వంతులో ఒకటి అరుస్తున్నాయి. జీపు డ్రైవర్ని అడిగాను.

"బాబూ, దీని మీద ఆకరున ఎవుల సెయ్యి పడింది?"

"నాదే. పొద్దున్న కొంచెం ఎక్కిళ్ళు పడితే కొత్త ప్లగ్గులు వేశాను."

"తీగలు ఒకటొకటే తీసి ఎట్టేవా, నాలుగూ ఒక్కమాటే పీకేవా?"

డ్రైవరు ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. "ఒక్కసారే."

"నడిమి రెండు తీగలూ అటుదిటు ఎట్టేవు. మార్చీ."

మార్చాడు. జీపు పిల్లిలాగా గురగురమంది.

ఇన్‌స్పెక్టర్ జేబురుమాలు తీశాడు. బూట్లు తుడుచుకున్నాడు. "వారంలో రేడియేటర్ కడిగి టంకం పెట్టించాలి. మాండియా మనుషులు తాగడానికి," అని సంతకం పెట్టాడు. జీపెక్కుతూ మీ తాత చెవి దగ్గర వంగి గట్టిగా అన్నాడు. "ఈ మేస్త్రీని ఆదివారాలే కాదు, రోజూ రానివ్వు."

పుంజు సంగతి

జీపు వెళ్ళిపోయాక మాకు అసలు పరీక్ష మొదలైంది. జనం కదల్లేదు. మీ తాత బండి తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ ఎక్కలేదు. పోస్టుమ్యాన్ ఆకాశం వైపు చూస్తున్నాడు. గుమాస్తా నన్ను చూశాడు, బండిని చూశాడు, నెత్తిన మండుతున్న ఎండని చూశాడు.

"ఇన్నేళ్లయి ఎక్కుతున్నాను. నానేటి సచ్చేనా?" అని తనకి తానే చెప్పుకుని, గొడుగు మడిచి ఎక్కి కూర్చున్నాడు. ఆయన వెనకే ఆసుపత్రికి వెళ్ళాల్సిన ముసలమ్మ, ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. పాకలో ఆ మూల దూడని కట్టేసుకోమని ఆ సాయంత్రమే బావగారికి కార్డు రాయించాను.

అది సాయంత్రం మాట. ఇక్కడ మైదానంలో మా అత్త హ్యాండిల్ పట్టుకుని వంగింది. నేను మీట ఎత్తాను. సరిగ్గా అప్పుడు జనాన్ని తోసుకుంటూ మాఝి వచ్చాడు, సంతకి తెచ్చిన పసుపు కావడి భుజానే ఉంది. జరిగిందంతా ఎవరో ఆయనకి దేశియాలో చెప్పారు. ఆడమనిషి మేస్త్రీ అయినందుకు ఆయనకి ఏ బాధా లేదు. నన్ను చూసి తల వంచి దండం పెట్టాడు. తర్వాత ఏదో లెక్క తేలనట్టు మొహం చిట్లించాడు.

"మో కుకుడా కియే ఖైలా?" అన్నాడు. మరి నా కోడిని తిన్నదెవరని.

నేను తినలేదు. నేను ఉంచుకుందామన్నాను. నేను మా అత్త వైపు చూశాను. మీ తాత చూశాడు. గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. మైదానంలో ఉన్నవాళ్ళంతా చూశారు.

మా అత్త నడుం నిటారుగా చేసింది. కొంగు దోపుకుంది. హ్యాండిల్ బండిలోంచి ఊడబెరికి, ఆయన మొహం ముందు గాల్లో గిరగిరా మూడుసార్లు తిప్పి చూపించింది.

"మరి ఇది తిప్పింది ఎవులు?"